సెల్స్ లేని ఎర్ర లైటు

దయ్యాల ముచ్చట్లంటే నాకు భయం కాదు, విసుగు. నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా టపాల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. బిల్డింగు పాతది. లైట్లు వాటంతట అవే ఆరిపోయే వరండాలు, మనిషి లేకుండా చప్పుడు చేసే బీరువాలు అన్నీ ఉన్నాయి. లైట్లు ఆరేది వైరింగు వల్ల. చప్పుడు చేసేది పందికొక్కులు. అటెండర్లు వచ్చి "సార్, పైన ఎవరో తిరుగుతున్రు" అంటే నేనే వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. ఒక్కసారి కూడా ఎవరూ కనబడలేదు.

అందుకే ఇది రాయడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దాచిపెట్టి మిగతాది మాత్రం చెబితే వినేవాళ్లను మోసం చేసినట్టే.

నా పేరు ఎల్లయ్య. మాది నల్గొండ వైపు పల్లె. నలభై ఆరో ఏట షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. మోకాళ్లు సహకరించక సైకిల్ కొన్నాను. మొదట ఆఫీసుకు, తర్వాత ఆదివారాలు ఊరి బయటికి, ఆ తర్వాత ఒక గుంపుతో కలిసి వంద, రెండు వందల కిలోమీటర్లు. ఎండాకాలంలో పగలు తొక్కితే మనిషి మిగలడు కాబట్టి మా గుంపు రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరుకునేది.

రాత్రంతా తొక్కాలంటే లైట్లు కావాలి. ఆ లైట్ల పిచ్చి నాకు ఎంతగా పట్టిందో మా ఇంట్లో వాళ్లకు తెలుసు. వెలుగు ఎక్కువ ఉన్నది కొంటే బరువు ఎక్కువ, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. తేలికది కొంటే గుంత కనబడదు. ఛార్జింగ్ లైటు అడవి మధ్యలో ఆరిపోతే చేసేదేం లేదు. సన్న సెల్స్‌తో నడిచేదైతే ఏ కిరాణా కొట్టులోనైనా రెండు కొని వేసుకోవచ్చు. అందుకని నేను ముందుకీ వెనక్కీ రెండూ ఒకే సైజు సెల్స్ పట్టేవి ఏరుకున్నాను.

అబిడ్స్‌లో ఒక సందులో సైకిల్ సామాను అమ్మే పెద్దాయన దగ్గర కొనేవాణ్ణి. కొనే ముందు లైటు తీసుకెళ్లి మా సెక్షన్లో ఉత్తరాలు తూచే మిషన్ మీద పెట్టి చూసి వస్తానంటే ఆయన నవ్వేవాడు. "క్యా ఎల్లయ్య సాబ్, లైటు కొంటున్రా, బంగారం కొంటున్రా?" అనేవాడు. కానీ ఇచ్చి పంపేవాడు.

నా వెనక లైటు ముప్పై ఎనిమిది గ్రాములు. దాన్ని రికార్డు రూములో వెలిగించి పెట్టి, గంట గంటకూ చూసి, ఎంతసేపు వస్తుందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అందులో మూడు బుడ్లు, అంటే చిన్న బల్బులు. ఒకసారి కింద పడి కుడివైపుది పోయింది. మిగతా రెండూ బాగానే వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ కూడా కలిసొస్తుందని అలాగే ఉంచేశాను.

మా గుంపులో రూతమ్మ అని ఒకామె ఉండేది. వయసు నలభై దాటింది. మెదక్‌లో చర్చి గంట వినపడే వీధిలో పుట్టి పెరిగింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు, కాచిగూడలో కాపురం. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే కాబట్టి మేలుకోవడం ఆమెకు కొత్త కాదు. మాటకారి. ఎక్కువ దూరాలకు ఆమెకు మంచి లైటు లేదంటే అబిడ్స్‌కు నేనే తీసుకెళ్లాను. ఛార్జింగ్‌ది ఒకటి చాలా తేలికగా ఉంది. డబ్బా మీద ఎనిమిది గంటలు అని రాసి ఉంది. తీసుకోమన్నాను. నా లైట్లను పరీక్షించినట్టు దాన్ని పరీక్షించలేదు. ఆ ఎనిమిది గంటలు మిణుకుమిణుకుమని వెలిగితేనే అని, నిలకడగా వెలిగిస్తే మూడు గంటలు కూడా రాదని దారిలో తెలిసింది.

ఆ రాత్రి మేం మెదక్‌కు బయల్దేరాం. ఏడుగురం. అబిడ్స్ నుంచి తొమ్మిదికి కదిలి బాలానగర్, గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మిగతా ఐదుగురూ పాతికేళ్ల పిల్లలు. టీ తాగినంతసేపే ఆగి, "సార్, మెదక్‌ల కలుద్దాం" అని వెళ్లిపోయారు. లైట్లు ఛార్జ్ చేసుకోవడానికి అందరికీ కలిపి తెచ్చిన ఒక్క పవర్ బ్యాంకూ వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మేమిద్దరం మిగిలాం. ఊరు దాటాక రూతమ్మ నా పక్కకు వచ్చింది.

"అన్నా, నా లైటు ఇగ ఎక్కువ సేపు రాదు. సన్నగ పెట్టుకొని మీ ఎర్ర లైటు చూసుకుంట వస్త. జర బంద్ చేయకుండ్రి."

"చెయ్యనమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఈ రెండు మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

ఒక గంట అలాగే నడిచింది. నేను ముందు, ఆమె కొంచెం వెనక. ఆమె వేగం తక్కువ. నేను తగ్గించుకోవాలి, కానీ అప్పటికి నాకు ఒళ్లు తెలియడం లేదు. ఆ ముందు రోజంతా ఆఫీసులో ఆడిట్ పని. కళ్లలో ఇసుక పోసినట్టుంది. పెడల్ తొక్కుతున్నది నా కాళ్లేనా అనిపించేంత అలసట. ఎప్పుడో వెనక్కి చూస్తే ఆమె సన్నటి వెలుగు చాలా దూరంలో ఉంది. ఇంకోసారి చూస్తే అది లేదు. మలుపు వెనక ఉందనుకున్నాను.

అప్పుడే నా ముందు లైటు పచ్చబడి గుడ్డిదైపోయింది. మార్చడానికి సెల్స్ లేవు. మామూలుగా నాలుగు పెట్టుకుంటాను. బయల్దేరే రోజు వాటిని తూచి, నలభై ఆరు గ్రాములున్నాయని, దారిలో కొనుక్కోవచ్చని ఇంట్లో వదిలేశాను. రాత్రి ఒకటిన్నరకు అడవి పక్కన ఏ కిరాణా కొట్టు తెరిచి ఉంటుంది?

సైకిల్ ఆపాను. వెనక లైటు విప్పి, అందులోని రెండు సెల్స్ తీసి ముందు లైటుకు వేశాను. ముందు దారి కనబడింది. ఖాళీ అయిన ఎర్ర లైటును సీటు కింద సంచిలో పడేసి జిప్ లాగాను.

ఆమె వచ్చేదాకా అక్కడే నిలబడాలి. నిలబడ్డాను కూడా. ఎంతసేపంటే, చాలాకాలం నాకు నేను ఐదు నిమిషాలని చెప్పుకున్నాను. ఒక నిమిషం కూడా నిలబడలేదు. వచ్చేస్తుందిలే అనుకొని కదిలాను.

అర కిలోమీటరు పోయాక రోడ్డుకు కొంచెం లోపలగా మూసేసిన టీ కొట్టు రేకుల పాక, దాని ముందు బల్ల కనబడ్డాయి. కూర్చుంటే చాలనుకున్నాను. లైటు ఆర్పి కూర్చున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు.

లేచేసరికి నాలుగూ ఇరవై.

ఫోన్ చూశాను. సిగ్నల్ లేదు. ఆమె నన్ను దాటి వెళ్లిపోయి ఉంటుందనుకొని బయల్దేరాను. ఆరేడు కిలోమీటర్లు పోయాక రోడ్డు ఒక్కసారిగా ఆగిపోయింది. కల్వర్టు పని. రోడ్డుకు అడ్డంగా నిలువెత్తు గొయ్యి తవ్వి, లోపల ఇనుప చువ్వలు నిలబెట్టారు. అడ్డం పెట్టిన ముళ్లకంప పక్కకు ఒరిగిపోయి ఉంది. ఎడమవైపు పొలంలోంచి మట్టి దారి తిప్పారు. ముందు లైటు ఉండబట్టి నాకు పది గజాల దూరంలో కనబడింది. అప్పటికీ బ్రేకు వేస్తే టైరు జారింది.

రూతమ్మకు లైటు లేదు. ముందు నేను లేను.

సైకిల్ పడేసి గొయ్యి అంచున మోకాళ్ల మీద కూర్చుని లైటు లోపలికి కొట్టాను. అటు చివర నుంచి ఇటు చివర దాకా ఒక్కో చువ్వ మీద వెలుగు వేసి చూశాను. "రూతమ్మా" అని పిలిచాను. మట్టి, చువ్వలు, అడుగున కాసిన్ని నీళ్లు. నా జీవితంలో అంతకన్నా భయపడిన క్షణం లేదు. ఆ భయానికి దయ్యాలతో సంబంధం లేదు.

గొయ్యిలో ఎవరూ లేరు. మట్టి దారి పట్టి ఎలా తొక్కానో తెలియదు, మెదక్ చేరేసరికి బాగా తెల్లారింది.

ఊళ్లో టీ బండి దగ్గర మా గుంపంతా ఉంది. వాళ్ల మధ్య రూతమ్మ బెంచీ మీద కాళ్లు చాపుకొని చాయ్ తాగుతోంది. నన్ను చూసి పెద్దగా నవ్వింది.

"ఏంది అన్నా, నన్ను ఈడి దాక తోల్కొచ్చి మీరేడికి పోయిన్రు?"

నాకు అర్థం కాలేదు. ఆమె పిల్లలకు చెబుతూనే ఉంది. తన లైటు పూర్తిగా ఆరిపోయిందట. అయినా ముందు అన్న ఎర్ర లైటు ఉంది కాబట్టి భయం లేకుండా వచ్చిందట. తను నెమ్మదిస్తే అదీ నెమ్మదించిందట. గొయ్యి దగ్గర అన్న ఆగి, తను దగ్గరకు వచ్చేదాకా ఉండి, మెల్లగా ఎడమకు దిగాడట.

"అన్న అట్ల తిప్పకపోతే నేను సక్కగ పోయి గా చువ్వల మీద పడుదును" అంది.

"గ్రేట్ సార్ మీరు" అన్నాడు ఒక కుర్రాడు. ఇంకొకడు నాకు చాయ్ తెచ్చిచ్చాడు.

ఏ లైటని అడిగాను.

"మీదే అన్నా. కుడి దిక్కు బుడ్డి పోయింది లేదా? నాకెరుకనే కదా. రెండే వెలుగుతుండె."

చెప్పాల్సిన సమయం అదే. నేను చెప్పలేదు. ఏదో గొణిగి, సైకిల్ దగ్గరకు వెళ్లి సంచి జిప్ తీశాను. లైటు అందులోనే ఉంది. మూత తీశాను. సెల్స్ ఉండాల్సిన చోట ఖాళీ.

తర్వాత టీ బండి మనిషిని పక్కకు పిలిచి అడిగాను, ఆమె ముందు ఎవరైనా వచ్చారా అని. "లేదు సార్. పిల్లగాండ్లు మూడింటికే వచ్చిన్రు. గామె నాలుగు కొట్టినంక వచ్చింది, ఒక్కతే. ముందల ఎవ్వరు లేకుండె" అన్నాడు.

హైదరాబాద్ వచ్చాక నేను చేయగలిగినవన్నీ చేశాను. సెల్స్ లేకుండా ఆ లైటు క్షణమైనా వెలుగుతుందేమోనని ఎన్నోసార్లు నొక్కి చూశాను. వెలగలేదు. ఆ తర్వాతి ఆదివారం బస్సులో వెళ్లి, ఆ గొయ్యికి దగ్గరలోని ఊళ్లో రాత్రిపూట సైకిల్ మీద తిరిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. లేరన్నారు. ఏ మోపెడో అయి ఉంటుందనుకుంటే చప్పుడు వినబడాలి. నిద్రమత్తులో ఆమె భ్రమపడిందనుకుందామంటే, భ్రమ ఆమెను గొయ్యి పక్క నుంచి మట్టి దారిలోకి ఎలా దింపింది? ఆ దారి ఉన్నట్టు ఆమెకు తెలియదు. నాకే తెలియదు.

ఈలోగా నేను మంచివాణ్ణయిపోయాను. గుంపులో ఎవరు కొత్తగా చేరినా ఈ కథ చెప్పేవారు. రూతమ్మ ఇంటి నుంచి మా ఇంటికి కేకు వచ్చింది. ఆమె భర్త ఫోన్ చేసి, "అన్నా, మీ రుణం తీర్చుకోలేం" అన్నాడు. మా ఆవిడ కూడా చాలా ఏళ్ల తర్వాత నన్ను కొంచెం గౌరవంగా చూసింది. ఆ గౌరవంతో అన్నం తినడం ఎంత కష్టమో చెప్పలేను. నాకు నిద్ర పట్టేది కాదు. పట్టినా గొయ్యిలోకి లైటు కొట్టి చూస్తున్నట్టే ఉండేది.

వానలు మొదలయ్యాక ఒక శనివారం రూతమ్మ ఫోన్ చేసింది. కొత్త లైటు కొనాలి, అబిడ్స్‌కు రమ్మంది. వెళ్లాను. పెద్దాయన నాలుగైదు రకాలు ముందు పెట్టాడు. ఆమె వాటిని చూడనే లేదు.

"అన్న దగ్గర ఉన్నది ఇయ్యిండ్రి. నేను గా ఒక్క లైటుతోనే బతికిన" అంది.

ఆయన ఆ లైటు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. నా వల్ల కాలేదు. "రూతమ్మా, జర బయటికి రా" అన్నాను.

ఇద్దరం నడుచుకుంటూ నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్‌కు వచ్చి కూర్చున్నాం. చాయ్ వచ్చింది. అప్పుడు చెప్పాను. "ఆ రాత్రి నీ ముందల ఉన్నది నేను కాదమ్మా."

ఆమె మొదట నవ్వింది. "ఏంది అన్నా గట్లంటరు?"

సెల్స్ తీయడం, ఆగకపోవడం, పడుకోవడం, గొయ్యిలో ఆమెను వెతకడం, టీ బండి మనిషి మాట, మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె గ్లాసును పక్కకు జరిపింది.

"మరి గా ముచ్చటంత నేను ఎవరికి చెప్పిన?" అంది.

ఏ ముచ్చట అని అడిగాను.

"తొవ్వపొంట మాట్లాడుకుంటనే వచ్చిన కదా అన్నా. చీకట్ల మొఖం కనబడది, చెప్పబుద్ధయింది. నాకు డ్యూటీల ఒకరోజు రాత్రి కన్నంటుకున్నది. పదిహేను నిమిషాలు. లేచేవరకు ఒక ముసలాయన పోయిండు. నేను లేచి ఉన్నా పోయేటోడేమో, తెల్వదు. ఎవ్వరికి చెప్పలే. మా ఆయనకు సుత చెప్పలే. గా రాత్రి మీకు చెప్పిన."

నేను నా గ్లాసు కింద పెట్టాను.

"మీరేం అనకపోతిరి. అలిసిపోయిన్రు అనుకున్న. నేను ఏడుస్తుంటె లైటు ఆగింది. నేను నిమ్మళమయ్యే దాక ఆడనే ఉన్నది. అన్న విన్నడు, విని సుత నన్ను ఎప్పటి లెక్కనే చూస్తున్నడు అనుకున్న. గందుకే కదా అన్నా నేను ఇన్ని దినాలు నిద్రపోయిన."

సెల్స్ తీసినందుకు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. లైటు కొననే లేదు.

గుంపుకు రావడం మానేసింది. నేనూ మానేశాను. అసలు సంగతి నేనే గుంపులో చెప్పాను. కొందరు నమ్మలేదు. నేను అణకువ కొద్దీ అలా అంటున్నానని ఒకరన్నారు. మా ఆవిడ మాత్రం నమ్మింది. "సెల్స్ తీసేటోళ్లే మీరు" అంది. ఆ మాట తర్వాత నాకు కొంచెం నిద్రపట్టింది.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం రూతమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఎదురు కుర్చీలో కూర్చుంది. మనిషి చిక్కింది. డ్యూటీలో ఆ రాత్రి జరిగింది తన భర్తకు చెప్పానంది. ఆయన ఏమన్నాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నైట్ డ్యూటీలు మానేసి పగటికి మార్పించుకుందట. ఆ ముసలాయన ఇంటికి వెళ్లాలని ఉంది గానీ ధైర్యం చాలడం లేదంది. చివరికి అడిగింది.

"అన్నా, ఆడ బల్ల మీద పడుకున్నప్పుడు మీకు కల గిన వచ్చిందా? సైకిల్ తొక్కుతున్నట్టు, నేను మాట్లాడుతుంటె విన్నట్టు?"

ఆమె అడుగుతున్నది ఏమిటో నాకు తెలుసు. ఔ, వచ్చింది అంటే సరిపోతుంది. కానీ ఒకసారి ఆమెకు అబద్ధపు మాట ఇచ్చినవాణ్ణి. "లేదమ్మా. ఏం రాలే. రాయి లెక్క పడుకున్న" అన్నాను.

ఆమె తలూపింది. బ్యాగు తీసుకొని లేచింది. "జర అబద్ధం చెప్తే ఏం పోయేది అన్నా?" అని కోపం లేకుండానే అడిగి వెళ్లిపోయింది.

నేను దయ్యాలను ఇప్పటికీ నమ్మను. దేవుడే పంపాడని ఆమె ఇంట్లోవాళ్లంటే కాదనే ధైర్యమూ నాకు లేదు. తెలిసిందల్లా ఇది. ఆ రాత్రి ఆ దారిలో ఒక మనిషి ఏడుస్తుంటే ఏదో ఒకటి ఆగింది. ఆమె నిమ్మళించేదాకా నిలబడింది. నేను ఆగలేదు. ఆగింది ఏమిటో నాకు తెలియదు.